ఇంటి నుండి ఉద్యోగం: ఒంటరితనానికి ఔషధమేది?

ఒకప్పుడు ఉద్యోగమంటే ఇల్లు విడిచి వెళ్ళుట. ఉదయం భోజనపు క్యారేజీ చేతబట్టి బయలుదేరిన మనిషి సాయంత్రానికి ఇల్లు చేరేవాడు. మధ్యలో బస్సులో పలకరింపు, టీ వేళ పరిహాసం, మధ్యాహ్నం పక్కవాని డబ్బాలోని గోంగూర పచ్చడి, పైఅధికారిపై చిన్న విసుర్లు ఉండేవి. ఇవన్నీ జీతపు లెక్కలోకి రాకపోయినను మనస్సుకు నిత్యాహారములు. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పటి నుండి తెలుగునాట లక్షలాది యువతీయువకులు కంప్యూటర్ ఉద్యోగాలలో చేరినారు. వారికీ ఈ సహవాసం లభించింది.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ విధింపబడినది. కార్యాలయాల తలుపులు మూతబడి, ఇంటిలోని పడకగదియే కార్యాలయమైనది. అదే సంవత్సరం నవంబరులో కేంద్ర టెలికాం శాఖ ఇటువంటి సంస్థల నిబంధనలను బాగా సడలించినది. అనంతరం పలు సంస్థలు వారంలో కొన్ని రోజులకో, పూర్తిగానో ఉద్యోగులను వెనుకకు పిలిచినను, నేటికీ కోనసీమలోని కొబ్బరితోటల మధ్య, కరీంనగర్‌లోని మేడపైగదిలో, నరసరావుపేటలోని తల్లిదండ్రుల ఇంట కూర్చుని దూరదేశపు సంస్థలకు పనిచేయువారు ఎందరో ఉన్నారు.

ఈ పద్ధతిలో లాభం లేకపోలేదు. అద్దె మిగులుతుంది. ప్రయాణపు అలసట తప్పుతుంది. వృద్ధులైన తల్లిదండ్రుల చెంత ఉండవచ్చును. పసిబిడ్డల తల్లులకు ఇది వరమే. కానీ గత కొన్ని సంవత్సరాలుగా మా వైద్యశాలకు వచ్చు ఈ ఉద్యోగులలో ఒకే రకమైన లక్షణములు కనబడుతున్నవి. ఆకలి మందగించుట, మలబద్ధకము, మెడనొప్పి, కన్నులు మండుట, రాత్రి నిద్ర పట్టక పగలు మత్తుగా ఉండుట, కారణం లేని విసుగు. నాడి చూచి, నాలుక చూచి, చివరకు "రోజుకు ఎంతమందితో మాట్లాడుతారు?" అని అడిగినప్పుడు చాలామంది మౌనం వహిస్తారు.

వ్యాధికి నిదానము

ఆయుర్వేదమున చికిత్సకు ముందు నిదానము, అనగా కారణాన్వేషణ. ఇంట కూర్చుని పనిచేయువానికి మూడు కారణములు ఏకమవుతున్నవి.

మొదటిది కాలనియమం తప్పుట. న్యూయార్క్ నగరానికి మనకు వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వ్యత్యాసం. అక్కడి పగటితో కలిసి పనిచేయువాడు ఇక్కడి రాత్రి మేల్కొనక తప్పదు. రాత్రి జాగరణ వలన వాతము ప్రకోపించును. ఆ లోటు తీర్చుకొనుటకు పగలంతా నిద్రించినచో కఫము వృద్ధియగును. రెండు విరుద్ధ దోషములు ఒకే శరీరంలో కలహించుచుండగా అగ్ని మందగించుటలో ఆశ్చర్యమేమి?

రెండవది వేగధారణ. చరక సంహిత సూత్రస్థానము ఏడవ అధ్యాయం ఆపరాని పదమూడు సహజ వేగములను పేర్కొన్నది. ఆకలి, దప్పిక, నిద్ర, మలమూత్రములు వాటిలో ఉన్నవి. మీటింగు మధ్యలో లేవలేక మూత్రమును బిగబట్టువారు, మధ్యాహ్న భోజనమును సాయంత్రం నాలుగింటికి జరుపువారు ఈ ఉద్యోగులలో అధికం. పాఠకులు విశేషంగా గమనింపవలసినది మరొకటి ఉన్నది. ఆ పదమూడింటిలో కన్నీరు కూడ ఒకటి. దుఃఖమును దిగమ్రింగువానికి జలుబు, నేత్రరోగము, హృద్రోగము, అరుచి, తలతిరుగుట కలుగునని ఆ గ్రంథం తెలుపుచున్నది. దానికి చెప్పిన ఉపచారములలో నిద్రతో పాటు ప్రియమైన మాటలు కూడ ఉన్నవి! ఆప్తుని సంభాషణను మన పూర్వులు ఔషధముల వరుసలో చేర్చినారు.

మూడవది సంగలోపము. కార్యాలయంలో ఉన్నవాని ముఖం వాడిపోయినచో పక్కవాడు కనిపెట్టి "ఏమిరా, ఒంట్లో బాగులేదా?" అని అడుగును. తెరపై చిన్న చతురస్రంలో కనబడు ముఖం వాడిపోయినదో లేదో తెలియదు. కెమెరా మూసియున్నచో ఆ ముఖమే లేదు.

ఆధునిక పరిశోధకులు కూడ ఈ విషయం పరిశీలించినారు. చైనాలోని సీట్రిప్ అను ప్రయాణ సంస్థ 2010లో షాంఘైలోని తన ఉద్యోగులలో కొందరిని తొమ్మిది నెలలపాటు ఇంటినుండి పనిచేయించినది. వారి పని 13 శాతం పెరిగినది. అయినను ప్రయోగానంతరం ఇష్టమైనచోట ఉండవచ్చునన్నప్పుడు ఇంట ఉన్నవారిలో సుమారు సగం మంది కార్యాలయానికి తిరిగి వచ్చినారు. ఒంటరితనం అందుకొక ముఖ్య కారణం. మైక్రోసాఫ్ట్ సంస్థలో 61,182 మంది అమెరికా ఉద్యోగులపై జరిగిన అధ్యయనం 2021లో వెలువడినది. అందరూ ఇంటినుండి పనిచేసిన కాలంలో ఎవరి బృందంలో వారే ముడుచుకొనిపోయినారని, ఇతర బృందములతో సంబంధములు సన్నగిల్లినవని అది తేల్చినది. పని సాగవచ్చును, బంధం మాత్రం సడలుచున్నదని గ్రహింపవలెను.

సంస్థలు చేయవలసిన చికిత్స

దూరంగా ఉన్నవారిని ఒక కుటుంబంగా నిలుపుట క్రొత్త సమస్య కాదు. మా గురువుగారి వద్ద చదివిన శిష్యులమంతా తలా ఒక ఊరిలో స్థిరపడినాము. ఆ రోజులలో ఫోనులు అరుదు. నెలకొక పర్యాయం మాలో ప్రతివాడును తనకు కొరుకుడుపడని ఒక రోగి వృత్తాంతమును ఉత్తరంలో వ్రాయవలెనని నియమం. గురువుగారు సమాధానమును పోస్టుకార్డుపై వ్రాసేవారు. మొదటి వాక్యం ఎన్నడూ రోగిని గురించి ఉండేది కాదు, "మీ తల్లిగారి మోకాలినొప్పి ఎట్లున్నది?" వంటి కుశలప్రశ్న ఉండేది. ఏడాదికొకసారి వ్యాసపూర్ణిమకు అందరం ఆయన ఇంట చేరి, ఒకే పంక్తిలో భుజించేవారము. అంతే. ఆ కుశలప్రశ్న, ఆ పంక్తిభోజనం మమ్ములను దశాబ్దములపాటు కట్టియుంచినవి.

నేటి మేనేజర్లు ఇందులోని సారమును గ్రహింపవచ్చును.

ముందుగా తానే పలకరించుట సద్వృత్తంలో ఒక నియమంగా చరకుడు చెప్పినాడు. ఇది పైఅధికారికి మరింత వర్తించును. క్రింది ఉద్యోగి తన బాధను తానై చెప్పుకొనడు. కనుక వారానికొకసారి ప్రతి ఉద్యోగితో పదిహేను నిమిషములు విడిగా మాట్లాడవలెను. అందులో మొదటి అయిదు నిమిషములు పని ప్రస్తావన రాకూడదు.

క్రొత్తగా చేరినవారిని ఒక అనుభవజ్ఞునికి అప్పగించవలెను. కార్యాలయంలో చూచి నేర్చుకొను అవకాశం వీరికి లేదు. ఏ సందేహం ఎవరిని అడుగవలెనో తెలియక సతమతమగువారిలో క్రొత్తవారే అధికులు. మొదటి మూడు నెలలు రోజూ ఒక్క ఫోను చాలును.

చేసిన మంచిపనిని నలుగురి ఎదుట మెచ్చుకొనవలెను. దోషమును విడిగా చెప్పవలెను. ఇంట ఉన్నవాని శ్రమ కంటికి కనబడదు. సీట్రిప్ ప్రయోగంలో సైతం, అంతే బాగుగా పనిచేసినను ఇంట ఉన్నవారికి పదోన్నతి అవకాశం తగ్గినదట. కంటికి దూరమైనవాడు మనసుకు దూరం కాకుండ చూచుట అధికారి ధర్మం.

తెరను క్షణక్షణం చిత్రించి నిఘా పెట్టుట వలన భయం పెరుగును కాని అనురక్తి పెరుగదు. పనికి గడువు చెప్పి, నమ్మి అప్పగించుట మేలు.

అతి సర్వత్ర వర్జ్యము. కలుపుకొనవలెనని రోజుకు ఆరు మీటింగులు పెట్టుట కూడ విషమే. వ్రాసి తెలుపదగిన దానిని వ్రాసి తెలుపవలెను. భోజనపు వేళను, పని ముగిసిన తరువాతి సమయమును ముట్టుకొనరాదు.

ముఖాముఖి కలయికకు ప్రత్యామ్నాయం లేదు. పోర్చుగల్ దేశం 2021లో చేసిన చట్టం ఇంటినుండి పనిచేయువారు రెండు నెలలకు మించకుండా పైఅధికారులతో, తోటివారితో ప్రత్యక్షంగా కలియునట్లు చూడవలెనని యజమానులకు విధించినది. మన సంస్థలు చట్టం కొరకు వేచియుండనక్కరలేదు. విజయవాడ, విశాఖ, వరంగల్ వంటి చోట్ల సమీపంలోని ఉద్యోగులను రెండు నెలలకొకసారి చేర్చి, ఒక పూట పని, ఒక పూట సహపంక్తి భోజనం ఏర్పాటు చేయవచ్చును. సీట్రిప్ సంస్థయే తరువాత 1,612 మందిపై మరొక ప్రయోగం చేసినది. ఆ ఫలితములు 2024లో వెలువడినవి. వారంలో రెండు రోజులు ఇంటనుండి, మిగిలినవి కార్యాలయంలో పనిచేసినవారిలో ఉద్యోగం మానుకొనువారు మూడవ వంతు తగ్గినారు. మధ్యేమార్గం మంచిదని దీని భావం.

ఇంటివారి బాధ్యత

"మా అబ్బాయి ఇంట్లోనే ఉంటాడండి" అని తల్లులు మురిసిపోతారు. ఉన్నది ఇంట్లోనే కాని, మూసిన తలుపు వెనుక పది గంటలు ఉంటాడు. పని వేళలో "కాస్త గ్యాస్ సిలిండరు మార్చు నాయనా, కూరగాయలు తెచ్చిపెట్టు" అని పదేపదే పిలువరాదు. అతడు ఇంట ఉన్నను పనిలో ఉన్నాడని గుర్తింపవలెను. అటులనే కోడలు ఇంటినుండి ఉద్యోగం చేయుచున్నచో ఆమెకు వంటిల్లు, కంప్యూటరు రెండూ ఒకేసారి అప్పగించుట అన్యాయం. చేయి సాయం ఇంటిల్లిపాదిది.

అయితే రోజుకు ఒక్క పూటయైనను తెర లేకుండా అందరూ కలిసి భుజింపవలెను. పళ్ళెమును గదిలోనికి పంపు అలవాటును నేడే మానిపింపుడు.

ఉద్యోగి పాటించవలసిన దినచర్య

- పగటి ఉద్యోగులు ఆరు గంటల లోపున లేవవలెను. రాత్రి పని తప్పనివారు ఏ వేళకు పడుకొన్నను రోజూ అదే వేళకు పడుకొని, చీకటిగా ఉన్న గదిలో ఏడు గంటలు నిద్రింపవలెను.

- స్నానం చేసి, ఉతికిన బట్టలు ధరించి పనికి కూర్చొనవలెను. పడకపై కూర్చుని పనిచేయరాదు. పనికి ముందు, పని ముగిసిన పిమ్మట ఇరవై నిమిషములు వీధిలో నడువవలెను. పోయిన ప్రయాణమునకు బదులు ఇది. దారిలో ఇద్దరినైనను పలకరింపుడు.

- ప్రతి ఇరవై నిమిషములకు ఒకసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకనులు చూచుట కన్నులకు విశ్రాంతి. గంటకొకసారి లేచి మెడ, భుజములు కదలింపవలెను.

- వారానికి రెండు పర్యాయములు గోరువెచ్చని నువ్వుల నూనెతో అభ్యంగనం చేసి, అరగంట పిమ్మట వేడినీటి స్నానం చేయవలెను. జ్వరం, జలుబు, అజీర్ణం ఉన్ననాడు వలదు. నిద్ర పట్టనివారు రాత్రి అరికాళ్ళకు అదే నూనెను మర్దించుకొనవలెను.

- పలుచని మజ్జిగలో వేయించిన జీలకర్ర పొడి, చిటికెడు సైంధవ లవణం కలిపి మధ్యాహ్న భోజనానంతరం త్రాగిన అగ్ని దీప్తమగును. రక్తపోటు గలవారు ఉప్పు వేయరాదు.

- మలబద్ధకమునకు రాత్రి అర చెంచా త్రిఫలా చూర్ణం గోరువెచ్చని నీటితో సేవింపవలెను. గర్భిణులు, విరేచనములు అగువారు వాడరాదు.

- సాయంత్రం అయిదు దాటిన తరువాత కాఫీ, టీలు మాని, ధనియాలు, జీలకర్ర వేసి కాచిన కషాయం గుక్కెడు త్రాగుట మంచిది.

- వారమునకు ఒక్క పాత మిత్రునికైనను, పని నిమిత్తం కాకుండ, ఫోను చేయవలెను. ఆదివారం గుడికో, గ్రంథాలయానికో, ఆటస్థలానికో వెళ్ళి నలుగురిలో కలియవలెను.

పనివేళలకు హద్దు ఉండితీరవలెను. వారమునకు 55 గంటలు, అంతకు మించి పనిచేయువారికి, 35 నుండి 40 గంటలు పనిచేయువారితో పోల్చిన, పక్షవాతపు ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించు ముప్పు 17 శాతం అధికమని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ప్రకటించినవి.

ఎప్పుడు జాగ్రత్త పడవలెను?

విచారము రెండు వారములు దాటి నిలిచినను, ఏ పనియందును ఆసక్తి లేకున్నను, బ్రతుకుపై విరక్తి మాటలు వచ్చినను గృహవైద్యంతో కాలయాపన చేయరాదు. వెంటనే మానసిక వైద్యుని సంప్రదింపవలెను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళనైనను ఉచితంగా ఫోను చేయవచ్చును, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. కాలు విరిగినవాడు కట్టు కట్టించుకొనుటకు సిగ్గుపడడు గదా!

త్రిఫల అంగడిలో దొరకును. నువ్వుల నూనె ప్రతి ఇంట ఉండును. ప్రియవచనం మాత్రం మనిషి నోటినుండియే రావలెను. మీ ఇంట తలుపు మూసికొని పనిచేయుచున్న బిడ్డ ఉన్నచో ఈ సాయంత్రం ఆ తలుపు తట్టి, "పని అయిందా నాయనా, అలా బజారుదాకా నడిచివద్దామా?" అని అడుగుడు. మీ క్రింద పనిచేయు వ్యక్తి దూరపు ఊరిలో ఉన్నచో రేపటి ఫోనును కుశలప్రశ్నతో ప్రారంభింపుడు. చికిత్స అక్కడనే మొదలగును.