ఇంటి ఇంగ్లీషు - అడుగవలసిన ప్రశ్నలు



సంగారెడ్డి జిల్లాలోని మా సుల్తాన్‌పూర్ పేరునందే రెండు భాషలు కలిసియున్నవి. సుల్తానన్నది అరబ్బీ పదము, పురమన్నది సంస్కృతము. 1948 వఱకు ఈ సీమలో ఉర్దూ రాజభాషగా నుండుటచే దవాఖానా, కచేరి, దుకాణము వంటి మాటలు మన నోట నిలిచిపోయినవి. ఇప్పుడు ఇంగ్లీషు వంతు వచ్చినది. 2017లో ఇచ్చట వైద్యపరికరముల పార్కునకు శంకుస్థాపన జరిగినది. 2022-23 మొదలు ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి నుండి ఎనిమిదవ తరగతి వఱకు ఇంగ్లీషు మాధ్యమము ప్రవేశించినది. కావున ఈ భాష గడప దాటి వంటయింటిలోనికే వచ్చినది.

మేము బడిపంతులుగారి యింటివారమగుటచే, "అమ్మా, బిడ్డ పుస్తకములోని ఇంగ్లీషు వేఱు, ఫ్యాక్టరీలో వినబడునది వేఱు, ఇదేమి వింత?" అని ఇరుగుపొరుగు స్త్రీలు మమ్మడుగుచుందురు. ఇందు వింత యేమియు లేదు. "నీవు భోజనము చేసితివా?" అని వ్రాయు మనము "తిన్నవా?" అని పలుకుట లేదా? ఆంగ్లేయులును అట్లే. పుస్తకములో "ఆర్ యూ కమింగ్?" అని యున్నదానిని ఇంటిలో "కమింగ్?" అని తుదిని స్వరము హెచ్చించి పలుకుదురు. "డూ యూ వాంట్ సమ్ టీ?" అనుట "వాంట్ సమ్ టీ?" అగును. మనకు "వచ్చినవు" అను మాట తుదిని దీర్ఘమీయగనే ప్రశ్న యగునట్లు, వారికి స్వరమే ప్రశ్నను గల్పించును. "హౌ కమ్?" అనగా ఎట్లు వచ్చితివని కాదు, "ఎందుకట్లు?" అని. "వాట్స్ అప్?" అనగా పైన నేమున్నదని కాదు, "ఏమి సంగతులు?" అని.

మన "కదా" ఎల్లెడల నొక్కటే. వారి "కదా" మాత్రము వాక్యమునుబట్టి మాఱును. ఆమె మీ కూతురు కదా యనుటకు తుదిని "ఈజంట్ షి?" అనియు, మీరు తిన్నారు కదా యనుటకు "హావెంట్ యూ?" అనియు చేర్చవలెను.

మఱియొక భేదము గలదు. మనకు "నీవు", "మీరు" అని రెండున్నవి. వారికి "యూ" ఒక్కటే. కనుక గౌరవమును వాక్యనిర్మాణమందే చూపవలెను. చెలికత్తెతో "గాట్ ఎ పెన్?" అనవచ్చును. పిల్లల ఉపాధ్యాయినితో "కుడ్ యూ ప్లీజ్ గివ్ మీ ఎ పెన్?" అనుట మర్యాద.

మిక్కిలి జాగ్రత్త వైద్యుని యెదుట వలయును. "డిడంట్ యూ టేక్ ద మెడిసిన్?" అని యడిగినప్పుడు, మందు వేసికొననివారు మన వాడుక చొప్పున "అవును, వేసికొనలేదు" అను భావముతో "యెస్" అందురు. ఇంగ్లీషున "యెస్" అనగా వేసికొన్నానని యర్థము! వైద్యుడు వేఱొక మందు వ్రాయవచ్చును. కావున "యెస్", "నో" అని విడువక "ఐ డిడ్ నాట్ టేక్ ఇట్" అని పూర్తిగా చెప్పవలెను. అట్లే "టీస్పూన్" అనగా 5 మిల్లీలీటర్లు, "టేబుల్‌స్పూన్" అనగా 15. ఈ రెంటిని కలగాపులగము చేసిన పసిబిడ్డకు మందు మూడింతలగును.

"హౌ మెనీ టైమ్స్ ఎ డే?" అనగా దినమునకెన్నిసారులు? "బిఫోర్ ఫుడ్ ఆర్ ఆఫ్టర్ ఫుడ్?" అనగా భోజనమునకు ముందా, తరువాతా? "ఫర్ హౌ మెనీ డేస్?" అనగా ఎన్ని దినములు? ఈ మూడింటిని మొదట కంఠస్థము చేయుడు. ఇంగ్లీషు రానిచో తెలుగుననే నిస్సంకోచముగా అడుగుడు. తెలియకున్నను తల యూపి వచ్చుటకన్న రెండుమారులడుగుట మేలు.

దినమునకు మూడు మాటలు చాలును. బియ్యము కడుగుచు, బట్టలారవేయుచు బిగ్గరగా పలుకుడు. బిడ్డలు నవ్విన నవ్వనిండు. వారినే గురువులుగా జేసికొనుడు. నేర్చుటకు వయస్సడ్డు గాదు.