చేసిన పనే మళ్లీ మళ్లీ చేయకుండా...

ఒక షీటులోని పేర్లను మరో షీటుకి ఎక్కించడం, ఒకే ఉత్తరాన్ని పేరు మార్చి వందమందికి పంపడం, ప్రతి సోమవారం అదే రిపోర్టు తయారుచేయడం... ఆఫీసుల్లో సగం పొద్దు ఇలాంటి పనులకే పోతుంది. వీటిని కంప్యూటర్‌కి అప్పగించడమే ఆటోమేషన్. దానికి ప్రోగ్రామింగ్ వచ్చి తీరాలన్నది అపోహ. కావలసిన సాధనాలు చాలావరకు వర్డ్, ఎక్సెల్‌లలో ఏళ్ల తరబడి ఉన్నాయి. ఆ మెనూలు తెరిచేవాళ్లే తక్కువ.

ముందు పనిని ఎంచుకోవడం తెలియాలి. కొత్తగా చేరిన ఉద్యోగికి ఫోన్లో చెప్పి చేయించగలిగిన పనైతే అది యంత్రానికి తగినదే. చెబుతున్నప్పుడు ‘అక్కడ కాస్త చూసుకుని చెయ్యి’ అనాల్సి వస్తే ఆ భాగం మనిషి చేతిలోనే ఉండాలి. ఏడాదికోసారి వచ్చే గంట పని కోసం రెండు రోజులు కూర్చుని ఏర్పాట్లు చేసుకోవడం మాత్రం దండగ.

మొదలుపెట్టడానికి మెయిల్ మెర్జ్ అన్నిటికన్నా తేలిక. ప్రైవేటు స్కూలు ఆఫీసులో ఫీజు బకాయి నోటీసులే తీసుకుంటే, ఎక్సెల్ షీటు మొదటి వరుసలో విద్యార్థి పేరు, తరగతి, బకాయి, గడువు అన్న శీర్షికలుంటాయి. వర్డ్‌లో నోటీసు ఒక్కసారి రాసి, మెయిలింగ్స్ ట్యాబ్‌లోకి వెళ్లి ఆ షీటును జతచేస్తారు. పేరు రావాల్సిన చోట పేరు ఫీల్డు, బకాయి చోట బకాయి ఫీల్డు పెడితే ఎంతమంది పిల్లలుంటే అన్ని నోటీసులు తయారవుతాయి. చిక్కల్లా తేదీతోనే. షీటులో 05-06-2025 అని ఉన్న జూన్ 5 గడువు, నోటీసులో అమెరికా పద్ధతిలో నెల ముందుకొచ్చి 6/5/2025 అవుతుంటుంది. అది చదివిన తల్లిదండ్రులు మే 6 అనుకుంటారు. పక్క కాలమ్‌లో టెక్స్ట్ ఫార్ములాతో తేదీని కావలసిన రూపంలోకి మార్చుకుని, ఆ కాలమ్‌నే నోటీసుకు జతచేస్తే గొడవ ఉండదు.

ఎక్సెల్ 2013లో ఫ్లాష్ ఫిల్ వచ్చింది. పూర్తి పేర్ల పక్కన ఒకటి రెండు ఇంటిపేర్లు విడిగా టైపు చేసి కంట్రోల్, ఇ నొక్కితే మిగతావి అదే నింపేస్తుంది. మన జాబితాల్లో కొందరికి ఇంటిపేరు ముందు, కొందరికి వెనక, కొందరికి ఒట్టి పొడి అక్షరమే ఉంటుంది కాబట్టి ఆ కాలమ్‌ను ఒకసారి తేరిపార చూడక తప్పదు.

మాక్రో రికార్డర్ పాతకాపు. చేసే క్లిక్కులన్నిటినీ గుర్తుపెట్టుకుని అడిగినప్పుడల్లా తిరిగి చేస్తుంది. ఫైలును ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎం రకంగా సేవ్ చేయకపోతే మాక్రో పోతుంది. మాక్రోల ద్వారా వైరస్‌లు వ్యాపిస్తుండటంతో ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను మైక్రోసాఫ్ట్ 2022 నుంచి అడ్డుకుంటోంది. నెలనెలా వచ్చే ఫైళ్లను కలిపే పనికైతే మాక్రో కన్నా పవర్ క్వెరీయే మేలు. ఎక్సెల్ 2016 నుంచి అందులోనే ఉంది. ఒకసారి ఫోల్డరును దానికి జతచేశాక, కొత్త ఫైలును అందులో వేసి రిఫ్రెష్ నొక్కితే చాలు.

ఒక యాప్‌లో జరిగిన దానికి మరో యాప్ స్పందించాలంటే 2011లో మొదలైన జాపియర్, మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్ వంటివి కావాలి. ఫారం నిండగానే షీటులో వరుస చేరడం, సంబంధిత ఉద్యోగికి మెయిల్ వెళ్లడం లాంటివి వీటితో క్లిక్కులతోనే అమర్చుకోవచ్చు. పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్‌ను 2021లో విండోస్ 10 వాడేవారికి ఉచితం చేశారు. ఇది తెర మీది బటన్లను కూడా నొక్కగలదు. కానీ వెబ్‌సైటు రూపం మారితే ఆ పని ఆగిపోవచ్చు.

ఆగిపోతే కనీసం తెలుస్తుంది. చప్పుడు లేకుండా తప్పు జరిగితేనే ప్రమాదం. ఇంగ్లండ్‌లో దాదాపు 16,000 కోవిడ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయని 2020 అక్టోబరులో బయటపడింది. ల్యాబుల నుంచి వచ్చిన వివరాలను పాత ఎక్సెల్ రకం ఫైళ్లలోకి మళ్లించారు. ఆ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలినవి జారిపోయినా ఎవరికీ హెచ్చరిక రాలేదు. అందుకే లోపలికి ఎన్ని వరుసలు వెళ్లాయి, బయటికి ఎన్ని వచ్చాయి అన్న లెక్క రోజూ చూడాలి. డబ్బు, పేరు, తేదీ ఉన్న ఉత్తరమేదైనా మొదటి కొన్నాళ్లు డ్రాఫ్టులోనే ఆగి, మనిషి చూశాకే బయటికి వెళ్లాలి. ప్రయోగానికి గూగుల్ ఖాతాతో జతచేసి వదిలేసిన యాప్‌లకు ఇచ్చిన అనుమతులను ఆ ఖాతా సెట్టింగ్స్‌లో ఎప్పుడైనా రద్దు చేయవచ్చు.