గంగ కోసం కాలినడక

నడక అంటే మన ఆడవాళ్లకు తెలిసినవి రెండే. ఒకటి డాక్టరు చెప్పిన నడక, రెండోది బస్సు వెళ్లిపోతే తప్పని నడక. పొద్దుట బయలుదేరి, ఏటినీ చెట్టునీ చూసుకుంటూ పొద్దుగూకేదాకా నడవడమంటే అదేదో విదేశాలవాళ్ల సరదా అనుకుంటాం. ఫ్రాన్సులో లువార్ నది లోయలో అలాంటి కాలిబాట ఉంది. 1947లో ఓర్లియాన్ దగ్గర మొదలైన ఆ బాటే ఆ దేశపు దూరపు నడకబాటలకు నాంది. దారి తప్పకుండా చెట్ల మీదా రాళ్ల మీదా తెలుపు, ఎరుపు గీతలు గీసి ఉంటాయి.

మా మందమర్రి నుంచి మంచిర్యాల, లక్సెట్టిపేట దాటి జన్నారం వైపు వెళితే, మన గోదావరి లోయలోనూ ఒక పెద్ద నడకే ఉంది. దానికి గీతలుండవు. పెద్దలు నడిచిన దారే గుర్తు.

ఏటా పుష్యమాసంలో నెలవంక కనిపించాక ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్ నుంచి మెస్రం వంశపు గోండులు బయలుదేరతారు. తెల్లటి బట్టలు, చెప్పుల్లేని కాళ్లు, చేతిలో ఝారి. వాళ్లు చేరాల్సింది జన్నారం మండలం కలమడుగు దగ్గర గోదావరిలోని హస్తినమడుగు. రానూ పోనూ వంద కిలోమీటర్ల పైమాటే. దారిలో ఊళ్లలో బస చేస్తూ రోజుల తరబడి నడుస్తారు.

ఆ రోజుల్లో ఈ దారి అందమే వేరు. వణికించే చలి, తెల్లారినా విడవని మంచు, చేలల్లో కంది, పత్తి, ఆపైన టేకు చెట్లు. 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన కవ్వాల్ అడవి ఇక్కడిదే. కానీ వాళ్లు అందం చూడ్డానికి రారు. నీళ్ల కోసం వస్తారు. మడుగు దగ్గర పూజ చేసి, ఝారిలో గంగను నింపుకుని తిరిగి నడుస్తారు. ఇంద్రవెల్లిలో ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్టు కింద బస చేస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో నాగోబాకు అభిషేకం. అదే మనం వినే నాగోబా జాతర.

ఈ నడకలో ఎక్కువగా మగవాళ్లే కనిపిస్తారు. మరి ఆడవాళ్ల మాటేమిటి అంటారా? అక్కడికే వస్తున్నా. కేస్లాపూర్‌లో వంశపు ఆడపడుచులూ అల్లుళ్లూ కోనేటి నుంచి కుండలతో నీళ్లు తెచ్చి, మట్టి మెదిపి కొత్త పుట్టలు చేస్తారు. ఆ కుండలు సిరికొండ కుమ్మరులు చేసినవి. ఇక కొత్తకోడళ్లకు ‘భేటీ’ అని ఒక తంతు ఉంది. తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని, పెద్దల వెంట నడిచివచ్చి దేవుడి ముందు నిలబడాలి. అప్పుడే ఆ పిల్ల పూర్తిగా ఆ వంశపు మనిషైనట్టు. గోదావరి దాకా నడిచినవాళ్లదెంతో, గుడి ముంగిట ఆ నాలుగడుగులు వేసిన కోడలిదీ అంతే ముఖ్యం.

నాకు నచ్చింది అదే. నీళ్లు తేవడం అక్కడ చిన్న పని కాదు. ఊరంతా ఎదురుచూసే పని. ఆ నీళ్లు తెచ్చినవాళ్ల కాళ్లకు గౌరవం ఉంది.

మరి మన ఇళ్లలో? బావి దగ్గరికి, బోరింగు దగ్గరికి, వీధి కుళాయి దగ్గరికి మన అమ్మలూ అమ్మమ్మలూ ఏళ్ల తరబడి నడిచారు. చంకలో బిందె, చేతిలో బకెట్, వెనకాల ఏడుస్తూ చంటిపిల్ల. ఆ దూరం ఎవరు కొలిచారు? దాన్ని యాత్ర అని ఎవరైనా అన్నారా? గంగ కోసం అందరూ కలిసి నడిస్తే పండగ, ఇంటికోసం ఒక్కతే నడిస్తే చాకిరీ.

గోదావరి హస్తినమడుగు దగ్గర ఆగిపోదు. ఎల్లంపల్లి మీదుగా, మన బొగ్గు ఊళ్ల పక్కగా సాగిపోతుంది. వీలైతే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని ఒడ్డువెంట నడవండి. ముఖ్యంగా ఆడపిల్లల్ని. నడుస్తూ నడుస్తూ వాళ్ల అమ్మమ్మ నీళ్లకు ఎంత దూరం వెళ్లేదో చెప్పండి. తెలియకపోతే ఇంటికెళ్లి ఆవిణ్ణే అడగమనండి. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెడుతుంది చూడండి!