రంగు కింద ఏముంది?
ప్రమాదంలో దెబ్బతిన్న పాత జీపును తిరిగి నిలబెట్టడం

నల్లమల అంచున ఉన్న లింగాల ప్రాంతంలో పాత జీపు విలాస వస్తువు కాదు. అచ్చంపేట నుంచి లింగాల దాకా తారు రోడ్డు ఉంది. ఆ తర్వాత అడవిలోకి, అప్పాపూర్, బౌరాపూర్ వంటి చెంచు పెంటల వైపు సాగితే దారి రాళ్లది, వాగులది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండికే అక్కడ భరోసా. పొలం నుంచి పల్లి బస్తాలు రావాలన్నా, అర్ధరాత్రి నొప్పులు పడుతున్న ఇల్లాలిని ఆసుపత్రికి చేర్చాలన్నా, వలీమా రోజున దేగ్చాలు తరలించాలన్నా పక్కింటి జీపు గుర్తుకు వస్తుంది. కనుక అటువంటి బండి మోరీ గోడకు గుద్దుకుని గానీ, వాగు ఒడ్డున పల్టీ కొట్టి గానీ నుజ్జయితే, తుక్కు కింద అమ్మివేయడానికి చాలామందికి మనసొప్పదు. మళ్లీ నిలబెట్టాలనే చూస్తారు. నిలబెట్టవచ్చు కూడా. అయితే అది రేపు పదిమంది ప్రాణాలను మోయబోయే బండి. పైకి కొత్తదానిలా మెరవడం వేరు, లోపల గట్టిగా ఉండటం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని గురించే మేము ఇక్కడ ముచ్చటించదలిచాము.

జీపు మన నేలకు వచ్చిన కథలో మన పాఠకులు ఆసక్తిగా చదివే ముక్క ఒకటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ సంస్థలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిసిన 1945లోనే పంజాబులోని లూధియానాలో మహీంద్రా సోదరులు, మలిక్ గులాం ముహమ్మద్ కలిసి ఒక ఉక్కు వ్యాపార సంస్థను స్థాపించారు. దాని పేరు మహీంద్రా అండ్ ముహమ్మద్. దేశ విభజన తర్వాత గులాం ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడి సంస్థ 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా పేరు మార్చుకుంది. 1940ల చివరలో విల్లీస్ జీపుల విడిభాగాలను తెప్పించి ఇక్కడ కూర్చడంతో మొదలైన ఆ పని, దశాబ్దాల తర్వాత ఎంఎం 540 వంటి డీజిలు జీపుల దాకా వచ్చింది. మన పల్లెల్లో ఇంకా తిరుగుతున్న పాత బండ్లు ఎక్కువగా ఈ వంశానివే.

వీటికి పునర్జన్మ సాధ్యం కావడానికి కారణం వాటి నిర్మాణమే. నేటి చిన్న కార్లలో పైడొక్కు, అస్థిపంజరం ఒకటే. జీపులో అలా కాదు. నిచ్చెన ఆకారంలో ఉన్న ఛాసిస్ అడుగున ఉంటుంది. ఇంజను, గేర్ బాక్సు, ఇరుసులు, బాడీ అన్నీ దానికి బోల్టులతో బిగించి ఉంటాయి. ఒక్కొక్కటిగా విప్పవచ్చు, మార్చవచ్చు, మళ్లీ బిగించవచ్చు.

అయితే పానా పట్టుకోవడానికి ముందు వేరే బాధ్యతలున్నాయి. ప్రమాదంలో ఎవరికైనా గాయమైతే మొదట ఆసుపత్రి, ఆ తర్వాతే బండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం క్షతగాత్రులకు వైద్యం అందేలా చూడటం, వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల లోపు పోలీసులకు తెలపడం, బీమా సంస్థకు సమాచారమివ్వడం డ్రైవరు విధి. బీమా సర్వేయరు వచ్చి చూడకముందే బండిని విప్పితే పరిహారం చిక్కుల్లో పడుతుంది. ఇక పాత జీపుల్లో చాలావాటికి చట్టం తప్పనిసరి చేసిన థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉంటుంది. అది ఎదుటివారి నష్టానికే, మన బండికి ఒక్క రూపాయి కూడా రాదు. పూర్తి బీమా ఉన్నా పదేళ్లు దాటిన బండికి మార్చిన ఇనుప భాగాల ధరలో సగం, రబ్బరు, ప్లాస్టిక్ భాగాల ధరలో సగం యజమానే భరించాలి. మరమ్మతు ఖర్చు బండికి రాసిన విలువలో 75 శాతం దాటితే దాన్ని పూర్తి నష్టంగానే లెక్కిస్తారు. ఈ లెక్క ముందే వేసుకోకుండా పని మొదలుపెట్టి, మధ్యలో వడ్డీ అప్పు వైపు చూసే పరిస్థితి తెచ్చుకోవడం ఏ ఇంటికీ క్షేమం కాదు.

ఎముక చూడనిదే చర్మానికి మందెందుకు?

గ్యారేజీలో మొదట కంటికి కనబడేది నలిగిన మడ్‌గార్డు, పగిలిన లైటు, వంగిన బానెట్. యజమాని చూపు అక్కడే ఆగుతుంది. ఉస్తాద్ అయినవాడి చూపు నేరుగా ఛాసిస్ మీదికి పోవాలి. ఛాసిస్ వంకర పోతే కొత్త టైర్లు వేసినా నెల తిరగకముందే అరిగిపోతాయి, స్టీరింగు ఒకవైపే లాగుతుంది, బ్రేకు వేసినప్పుడు బండి అడ్డం తిరుగుతుంది. ఘాటు మలుపులో అడ్డం తిరిగిన బండి ఎక్కడ ఆగుతుందో చెప్పనక్కరలేదు.

దీన్ని కొలవడానికి లక్షల యంత్రాలు ఉండనక్కరలేదు. చదునైన సిమెంటు నేల మీద బాడీ విప్పిన ఛాసిస్‌ను దిమ్మెల మీద సమంగా నిలపాలి. గోడ కట్టే మేస్త్రీ దారానికి వేలాడదీసే గుండును కమాన్ కట్టలు బిగించే చోట్ల నుంచి కిందికి వదిలి, నేల మీద సున్నపు ముక్కతో గుర్తులు పెట్టాలి. ఎడమ ముందు గుర్తు నుంచి కుడి వెనుక గుర్తుకు, కుడి ముందు గుర్తు నుంచి ఎడమ వెనుక గుర్తుకు టేపుతో కొలవాలి. రెండు కొలతలూ సమానమైతే చట్రం చతురంగా ఉన్నట్టు. తేడా వస్తే ఒక పక్క వెనక్కి జరిగినట్టు. అలాగే మధ్యలో కుంగిందా, తువ్వాలు పిండినట్టు మెలి తిరిగిందా అన్నవీ చూడాలి. మెలి ఒక్కటే అన్నిటికన్నా మొండిది.

వంగిన చోటును గొలుసులతో కట్టి, జాకీతో కొద్దికొద్దిగా లాగుతూ, ప్రతిసారీ కొలుస్తూ సరిచేయాలి. తొందరపడి గ్యాసుతో ఎర్రగా కాల్చి సుత్తితో బాదితే పని గంటలో అయిపోతుంది, కానీ ఇనుము పటుత్వం పోతుంది. పగుళ్లు పట్టుకోవడానికి పాత ఉస్తాదుల పద్ధతి ఒకటుంది. అనుమానమున్న చోట శుభ్రం చేసి కిరోసిన్ పూస్తారు, కాసేపు ఆగి పొడిగా తుడిచి సుద్ద పొడి చల్లుతారు. పగులు ఉంటే లోపల దాగిన కిరోసిన్ పైకి వచ్చి సుద్ద మీద సన్నని గీత పడుతుంది. అటువంటి పగులును పైపైన వెల్డింగ్ చేయడం కళ్లు మూసుకోవడమే. దాని కొసలో చిన్న రంధ్రం వేసి అది ముందుకు పాకకుండా ఆపాలి, గాడి తీసి లోపలి దాకా నింపాలి, అవసరమైతే అతుకు పట్టీ వేయాలి. ఆ పట్టీ కొసలు నిలువుగా కాక ఏటవాలుగా ఉండాలి. నిలువు అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

ఒక హెచ్చరిక. ఛాసిస్ నంబరు చెక్కి ఉన్న చోటును కోయడం గానీ, సాన పట్టడం గానీ ఎంతమాత్రం కూడదు. ఛాసిస్‌నే మార్చవలసి వస్తే, ఇంజను మార్చవలసి వస్తే రవాణా శాఖ అనుమతితో, రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదుతో జరగాలి. చట్టంలోని 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడాన్ని అనుమతించదు. సొంత బండికి 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ ఎలాగూ తప్పదు. అప్పుడు తనిఖీలో ఈ సంగతులన్నీ బయటపడతాయి.

స్టీరింగు విషయంలో బేరమే ఉండకూడదు. వంగిన టై రాడ్, డ్రాగ్ లింకు వంటివాటిని కాల్చి సరిచేసి మళ్లీ బిగించడం మన గ్యారేజీల్లో ఉన్నదే. అది ప్రాణంతో చెలగాటమని మేము నిస్సంకోచంగా చెబుతాము. వాటి ఖరీదు బండి మొత్తం ఖర్చులో ఏపాటిది? కొత్తవే వేయించాలి. కమాన్ కట్టలను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులదీ అదే సంగతి, విప్పినవి మళ్లీ వాడకూడదు. పాత జీపుల్లో అనేకం బ్రేకు నూనెకు ఒకే మార్గం ఉన్నవి. ఒక్క చక్రం దగ్గర కారితే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. కనుక గొట్టాలు, వీల్ సిలిండర్లు అన్నీ ఒకేసారి కొత్తవి వేయడం మేలు. ఇంజను సంగతి ఇంతగా చెప్పనక్కరలేదు. ముందు దెబ్బ తగిలితే ఫ్యాను రేడియేటరులోకి చొచ్చుకుపోతుంది, ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు చిరుగుతాయి. అవి కనబడే నష్టాలే.

డీజిలు ట్యాంకు మాత్రం జాగ్రత్త. పాత నమూనాల్లో అది డ్రైవరు సీటు కిందనే ఉంటుంది. ఖాళీ ట్యాంకు ప్రమాదం లేనిదని అనుకుంటారు. నిజానికి లోపల మిగిలిన ఆవిరి నిప్పు తగిలితే పేలుతుంది. దాన్ని విప్పి దూరంగా పెట్టకుండా వెల్డింగ్ మొదలుపెట్టే చోట మన పిల్లవాడు షాగిర్దుగా ఉంటే, తండ్రి వెళ్లి అడగవలసిన మాట అది.

చేతిపని ఎంత గౌరవప్రదమైనదో మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. దావూద్ ప్రవక్త (అలైహిస్సలాం) కోసం అల్లాహ్ ఇనుమును మెత్తపరచినట్లు, కవచపు కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించినట్లు దివ్య ఖుర్ఆన్‌లోని సబా సూరా తెలుపుతుంది. కొలత అన్న మాట మిస్త్రీలు ప్రత్యేకంగా గమనించదగినది. కడియం ఒకటి వదులైనా బాణం దూరేది అక్కడే. ఫిఖ్హ్ పండితులు కూడా పనివాని బాధ్యతను తేలికగా తీసుకోలేదు. పదిమంది పనులు చేసే వృత్తికారుడు తన చేతి పని వల్ల కలిగిన నష్టానికి పూచీదారు అని హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. బండి గ్యారేజీలో ఉన్నంతకాలం అది అమానత్. దాని మంచి భాగం తీసి పాతది బిగించడం దొంగతనమే.

రంగుకు ముందే రోడ్డు

మా ఉద్దేశంలో రంగు వేయకముందే బండిని నడిపి చూడాలి. మొదట ఎవరినీ ఎక్కించుకోకుండా, ఊరి బయట, నెమ్మదిగా. చేతులు కొద్దిగా సడలిస్తే నేరుగా పోతోందా, బ్రేకు వేస్తే ఎటు లాగుతోంది, నీళ్లు చల్లిన నేల మీద నడిపితే వెనుక చక్రాల జాడ ముందు చక్రాల జాడతో రెండు వైపులా ఒకే విధంగా కలుస్తోందా? వంద కిలోమీటర్లు తిరిగాక యూ బోల్టులు మళ్లీ బిగించాలి. అతుకులన్నీ ఇంకోసారి చూడాలి. రంగు పడ్డాక ఆ అతుకులు కంటికి కనబడవు కదా. సలేశ్వరం జాతర రోజుల్లో ఆ దారుల రద్దీ తెలిసినవారు, పరిమితికి మించి మనుషులను ఎక్కించిన జీపు ఎంత సులభంగా పక్కకు ఒరుగుతుందో కూడా ఎరుగుదురు. గుడ్డ టాపు ఎండను ఆపుతుంది కానీ పల్టీ కొట్టిన బండి కింద తలను కాపాడదు.

ఆ తర్వాతే పుట్టీ, రెడ్ ఆక్సైడ్, రంగు. అసలు పరీక్ష ఇక్కడే ఉంది. పుట్టీ పల్లాన్ని చదును చేయడానికి పుట్టింది. తుప్పు తిన్న రంధ్రాన్ని, వంకర పోయిన ఛాసిస్‌ను కప్పి, ప్రమాదమే జరగని బండిగా అంగట్లో పెట్టడానికి కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (స) మదీనా బజారులో ఒక ధాన్యపు కుప్పలో చేయి పెట్టి చూడగా లోపల తడి తగిలిన సంఘటన మనందరం విన్నదే. వానకు తడిసిందని వర్తకుడు చెప్పినప్పుడు, ఆ తడిసిన గింజలను జనం చూసేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తన వర్గానికి చెందినవాడు కాడన్నారు. కొన్న తర్వాత దాచిన లోపం బయటపడితే వస్తువును వెనక్కి ఇచ్చే హక్కు కూడా షరీఅత్ కొనుగోలుదారుకు ఇచ్చింది.

కనుక బండి విప్పిన రోజు నుంచే ఒక నోటుపుస్తకం పెట్టడం మంచిది. ఏ భాగం మారింది, ఏది పాతదే ఉంచారు, ఎక్కడ అతుకు పడింది, కొలతలు ఎంత వచ్చాయి, ఫోటోలు, బిల్లులు అన్నీ అందులో ఉండాలి. జీపు ఇంట్లోనే ఉంటే అది తర్వాతి మిస్త్రీకి పనికొస్తుంది. అమ్మే రోజు వస్తే ఆ పుస్తకాన్ని తాళం చెవితో పాటు కొనేవాని చేతికివ్వాలి. టార్చిలైటు ఇచ్చి, బండి కిందికి దూరి అతుకులు చూసుకోమని చెప్పి, ఆ తర్వాత ధర మాట్లాడాలి.