ఇళ్లు కట్టని ఆర్కిటెక్టు



"మా కోడలు ఎంటర్‌ప్రైజ్ ఆర్కిటెక్చర్ కన్సల్టెంటండీ" అని ఎవరైనా అంటే మనలో చాలామందిమి "ఓహో, అలాగా" అని ఊరుకుంటాం. ఆర్కిటెక్టు అన్నారు గనక ఇళ్ల ప్లాన్లు గీస్తుంది గాబోలు అనుకుంటాం. కాదు. ఇటుకా సిమెంటూ ఆ ఉద్యోగంలో మచ్చుకైనా ఉండవు. అయితే ఆ పేరు మాత్రం ఇళ్ల నించే వచ్చింది. ఆడపిల్లల చదువుల దగ్గరా, పెళ్లి సంబంధాల దగ్గరా ఈ మాట వినబడుతోంది కనక అదేమిటో చూద్దాం.

మీ వీధిలో ఏ ముప్పయ్యేళ్ల నాటి ఇంటినో తలుచుకోండి. మొదట రెండు గదులూ వంటిల్లూ. పెద్దబ్బాయి పెళ్లికి మేడమీద గది లేచింది. తరువాత బోరు వేయించారు. ఆ పైన గీజరు, ఇన్వర్టరు, ఏ.సి.లు. ఒక్కో పనికి ఒక్కో మేస్త్రీ, ఒక్కో ఎలక్ట్రీషియను. ఏ పైపు ఏ గోడలోంచి పోతోందో ఇవాళ ఇంట్లో ఒక్కరికీ తెలియదు. దేవుడి పటానికి మేకు కొడితే గోడలోంచి నీళ్లు చిమ్ముతాయి! పెద్ద కంపెనీలూ, బ్యాంకులూ, ప్రభుత్వ శాఖలూ కూడా ఇలాంటి ఇళ్లే. జీతాల లెక్కకి ఒక కంప్యూటరు పద్ధతి, సరుకు నిల్వకి మరోటి, ఖాతాదారుల పేర్లకి ఇంకోటి. ఒకచోట మీ చిరునామా మారిస్తే ఇంకోచోట మారదు. ఎందుకు మారలేదని అడిగితే కౌంటరులో అబ్బాయి "సిస్టమ్‌లో లేదండీ" అంటాడు. పాపం అతని తప్పేమీ లేదు.

ఇక్కడే ఈ కన్సల్టెంటు ప్రవేశిస్తుంది. ఇల్లంతా తిరిగి మూడు సంగతులు తేలుస్తుంది: ఇప్పుడెలా ఉంది, మూడు నాలుగేళ్లలో ఎలా ఉండాలి, లోపల కాపరం చేస్తూనే ఇక్కణ్నించి అక్కడికి చేరడం ఎలా. ఈ మూడోదే అసలు కష్టం. బ్యాంకుకి తాళం వేసి "ఆర్నెల్ల తరువాత రండమ్మా" అనలేరు కదా!

ఈ విద్యకు ఆద్యుడిగా జాన్ జాక్‌మన్ అనే అమెరికన్‌ను చెబుతారు. ఐ.బి.యం.లో పనిచేస్తూ 1987లో ఒక వ్యాసం రాశాడు. భవనాలకీ విమానాలకీ గీసేటన్ని రకాల నమూనాలు కంపెనీ కంప్యూటర్లకి మాత్రం ఎందుకు ఉండకూడదన్నది ఆయన ఆలోచన. ఆయన వేసిన పట్టిక తరువాత తరువాత ఆరు ప్రశ్నలకు పెరిగింది. ఏమిటి, ఎలా, ఎక్కడ, ఎవరు, ఎప్పుడు, ఎందుకు. పెళ్లి పనులు పంచుకునేటప్పుడు మనం వేసుకునే ప్రశ్నలే! 1995లో ఓపెన్ గ్రూప్ అనే సంస్థ 'టోగాఫ్' అని ఒక పద్ధతి వెలువరించింది. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లలో చాలామంది ఆ పరీక్ష రాస్తారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2018లో 'ఇండియా' అనే పొట్టి పేరుతో ఇలాంటి చట్రం ఒకటి తెచ్చింది. రాష్ట్ర విభజన తరువాత ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఇ-ప్రగతి కూడా ఈ కోవలోదే.

మనకు తెలిసిన ఉదాహరణ చెబుతాను. 1923లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. కార్పొరేషన్ బ్యాంకూ దానితోపాటే కలిసింది. ఈ మూడింటినే ఎందుకు కలిపారంటే, చెప్పిన కారణాల్లో ఒకటి, మూడూ ఫినాకిల్ అనే ఒకే సాఫ్ట్‌వేరు వాడుతున్నాయని! చూశారా, వియ్యానికి జాతకాలతోపాటు కంప్యూటర్లు కూడా చూసుకున్నారన్నమాట. అయితే ఒకే కంపెనీ కుక్కరు ఇద్దరి ఇళ్లల్లో ఉన్నంత మాత్రాన ఇద్దరి వంటా ఒకటవుతుందా? వడ్డీ లెక్కలు, డిపాజిట్ పథకాల పేర్లు, నగల రుణాల నిబంధనలు ఎవరివి వారివి. ఏ.ఎన్.డి.బి. అని మొదలయ్యే ఐ.ఎఫ్.ఎస్. కోడ్‌లు పోయి యు.బి.ఐ.ఎన్. వచ్చాయి. పాత కోడు ఎక్కడెక్కడ వాడుకలో ఉందో, దేని తరువాత ఏది మార్చాలో ముందే పటం గీసి పెట్టుకోవాలి. లేకపోతే ఒక పెద్దాయన పింఛను మధ్యలో ఎక్కడో ఆగిపోతుంది.

పని చెడితే ఏమవుతుందో ఇంగ్లండులో చూశారు. 2018 ఏప్రిల్‌లో టి.ఎస్.బి. అనే బ్యాంకు తన 52 లక్షల మంది ఖాతాదారుల లెక్కలను పాత కంప్యూటర్ల నించి కొత్తవాటిలోకి ఒక్కసారిగా మార్చింది. దాదాపు 19 లక్షల మందికి తమ ఖాతా తెరుచుకోలేదు. అన్నీ కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది. 2022లో ఆ బ్యాంకుకి 4 కోట్ల 86 లక్షల పౌండ్ల పైచిలుకు జరిమానా పడింది.

ఇంతకీ ఆవిడ పొద్దున్నించి సాయంత్రం దాకా చేసేదేమిటి? ఎక్కువ భాగం అడగడం, వినడం. ప్రోగ్రాములు రాయడం అరుదు. మేనేజరు చెప్పింది రాసుకుని వచ్చేస్తే పని కాదు. మూలన కూర్చున్న గుమాస్తా తన సౌకర్యం కోసం ఎక్సెల్‌లో ఒక లెక్క పెట్టుకుని ఉంటాడు. నెలాఖరు జమాఖర్చంతా నిజానికి దానిమీదే నడుస్తూ ఉంటుంది! అది ఏ కాగితంలోనూ ఉండదు. దాన్ని బయటికి తీసినవాళ్లే మంచి కన్సల్టెంటు అని నా అభిప్రాయం. ఆ తరువాత ఒప్పించడం. పెద్దాయన కోట్లు పోసి కొన్న సరుకు పనికిరాదని ఆయన ముఖానే, ఆయనకి కోపం రాకుండా చెప్పాలి. చెప్పే హక్కే గాని చేయించే అధికారం లేదు. అందంగా గీసిన పటాలు బీరువాలో మూలుగుతూ ఉండిపోవడమూ కద్దు.

అమ్మాయిల తల్లులకి ఒక్క మాట. ఇది చదువు కాగానే దొరికే ఉద్యోగం కాదు. కంప్యూటరు పనుల్లో పది, పదిహేనేళ్లు నలిగితేగాని ఈ కుర్చీ అందదు. పరీక్ష ఒక్కటీ ప్యాసైతే చాలదు. మరి ఆ పదో ఏడు వచ్చేసరికి మన ఆడపిల్లలకి పిల్లలు చిన్నవాళ్లుగా ఉంటారు. "ఇంక చాల్లే, మానెయ్యి" అని రెండు వైపుల పెద్దలూ అనే రోజులు సరిగ్గా అవే. అంటే తాడు మొదలు నించీ పేని, ముడి వేసే వేళకి వదిలెయ్యమంటున్నామన్నమాట. మానాలో వద్దో ఆ పిల్లనే తేల్చుకోనివ్వండి. తేల్చుకునే ముందు ఇదంతా తెలిసి ఉంటే మంచిది.

సంబంధం మాట్లాడేటప్పుడు జీతంతోపాటు ఇంకొకటి కూడా అడగండి: పని ఏ దేశపు కంపెనీకని. అమెరికా వాళ్లకైతే అక్కడ తెల్లవారేది మనకి దీపాలు పెట్టే వేళకి. మీటింగులు రాత్రి పదింటి దాకా సాగవచ్చు. ఆవిడ తలుపు వేసుకుని మాట్లాడుతున్న ఆ రెండు మూడు గంటలూ చారు పోపూ, పిల్లవాడి హోంవర్కూ ఇంట్లో ఇంకొకరు చూసుకోవలసిందే.