కరెంటు తీగల క్రింద సేద్యము – జాగ్రత్తలు



కండ్లకోయ, మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో పొలముల మీదుగా పోవు కరెంటు తీగలు ముఖ్యముగా రెండు రకములు. ట్రాన్స్‌ఫార్మరు వరకు వచ్చునవి 11,000 వోల్టులవి. అచ్చటి నుండి మీ మోటారుకు వచ్చునవి సుమారు 400 వోల్టులవి. రెండును ప్రాణాంతకములే. 11,000 వోల్టుల తీగను తాకనక్కరలేదు. ఇనుప గొట్టము మిక్కిలి చేరువకు పోయినను కరెంటు గాలిలో దూకును.

పైకి చూచి పని మొదలిడుడు

విద్యుత్ నియమముల ప్రకారము పొలములపై ఈ తీగ నేలకు కనీసము 4.6 మీటర్లు, అనగా 15 అడుగుల ఎత్తున ఉండవలెను. బోరు నుండి మోటారు లాగునపుడు నిలువుగా లేచు గొట్టము పొడవు 20 అడుగులు! కావున తీగ క్రింద బోరు వేయరాదు, గడ్డిబండి ఎత్తుగా నింపరాదు. ఈ ప్రాంతమున ద్రాక్షకు, కూరగాయలకు వేయు పందిళ్లకు ఇనుప తీగయే ఆధారము. పైతీగ తెగి దానిపై పడిన, పందిరి అంతటికిని కరెంటు ప్రాకును.

తీగ తెగి పడినచో

మన ఎర్ర చెలక నేల ఎండినపుడు కరెంటును సులభముగా పోనీయదు. అందువలన తీగ నేలపై పడినను సబ్‌స్టేషన్‌లో లైను ఆగకపోవచ్చును. ఆగినను, తీగ తెగిన సంగతి తెలియక మరల కరెంటు ఇచ్చెదరు. కదలని తీగను చచ్చిన తీగ అనుకొనకుడు.

తీగ చుట్టును నేలలో కరెంటు వ్యాపించును. పెద్ద అంగ వేసిన రెండు పాదముల మధ్య అది ఒంటిలో ప్రవహించును. పాదములు రెండును చేర్చి, నేల విడువక, కొద్దికొద్దిగా జరుగుచు దూరము పొండు. పశువుల ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు ఎడము ఎక్కువ గనుక వానికి మరింత అపాయము.

తండ్రి పడగా కొడుకు పరుగెత్తి పట్టుకొనుట వలన ఒక ఇంట రెండు ప్రాణములు పోవుచున్నవి. మోటారు వద్ద ప్రమాదమైనచో మొదట మెయిన్ స్విచ్ ఆపుడు. అది వీలుకానిచో ఎండిన కట్టెతో మనిషిని తప్పించుడు. 11,000 వోల్టుల తీగకు ఆ కట్టె కూడ చాలదు. దూరముననే ఉండి 1912కు ఫోను చేసి లైను ఆపించుడు. వైద్యమునకు 108 పిలువుడు.

ఫ్యూజు పోయిన మీరు స్తంభ మెక్కకుడు. లైన్‌మన్ వచ్చువరకు ఒక పూట నీరు లేకున్నను వరిమడి ఎండిపోదు.