కల్లు మానిన మూడో రాత్రి

కొన్నేళ్ల క్రితం మేము సేవ చేస్తున్న తెలంగాణ పల్లె సంఘంలో జరిగిన సంగతి ఇది. సుతారి పని చేసే సోదరుడొకాయన ఇరవై ఏళ్లుగా పొద్దుగూకితే కల్లు దుకాణంలోనే ఉండేవాడు. ఒక ఆదివారం ఆరాధన ముగిసే వేళ ముందుకు వచ్చి మోకరించి, ఇక ముట్టనని కన్నీళ్లతో తీర్మానం చేసుకున్నాడు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. వచ్చే ఆదివారం ఆయన సాక్ష్యం ఉంటుందని మేమే ప్రకటించాం. ఆ సంతోషంలో ఆయన చేతులు వణుకుతున్నాయని ఎవరమూ గమనించలేదు.

మంగళవారం రాత్రి ఆయన భార్య పరుగెత్తుకొచ్చింది. “అయ్యగారూ, మా ఇంటాయన రెండు రాత్రుల సంది కన్ను మూస్తలేడు. గోడ మీద పురుగులు పాకుతున్నయంటుండు. నన్నే గుర్తు పడ్తలేడు” అంది. బైబిలు, నూనె సీసా పట్టుకుని పెద్దలతో కలిసి వెళ్లాం. ప్రార్థన మధ్యలోనే ఆయన కింద పడిపోయి, పళ్లు బిగబట్టి కొట్టుకోసాగాడు. మా పెద్దల్లో ఒకరు గట్టిగా అపవాదిని గద్దించడం మొదలుపెట్టారు. మేము ఆపలేదు. నిజం చెప్పాలంటే మా మనసులోనూ అదే ఉంది.

సంఘంలో నర్సుగా పనిచేసే చెల్లెలు ఒకామె జనాన్ని తోసుకుంటూ వచ్చింది. “అయ్యగారూ, ఇది దయ్యం కాదు, ఫిట్స్. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. ముందు 108కి ఫోన్ చేయండి” అంది. ఆ రాత్రి ఆయన ప్రాణం నిలిచిందంటే దేవుడు ఆ చెల్లెలి నోట మాట్లాడినందువల్లనే అని మేము నమ్ముతున్నాం.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, “ఏ దుకాణం కల్లు?” రెండోది, “ఒక్కసారిగా మానమని ఎవరు చెప్పారు?” మేము తల వంచుకున్నాం.

చాలామంది కల్లంటే చెట్టు కల్లే అనుకుంటారు. చెట్లు తగ్గి గిరాకీ పెరిగిన చోట నీళ్లలో శాకరిన్ కలిపి, మత్తు కోసం అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ వంటివి కలుపుతున్నారు. మొదటి రెండూ డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని బిళ్లల మందులు. తాగేవాడికి తాను మాత్రలకు బానిసనయ్యానని కూడా తెలియదు. 2015 సెప్టెంబరులో ఈ కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎందరో వణుకుతో, మతిభ్రమతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో ఆ కల్లు తాగి పలువురు చనిపోయారు. తాగితే ఒక ప్రమాదం, హఠాత్తుగా ఆపితే మరో ప్రమాదం.

ఎందుకని? మెదడుకు తనను తాను శాంతపరచుకునే ఏర్పాటు ఉంది. బండికి బ్రేకులాంటిది. ఈ మందులు, సారా, బ్రాందీ కూడా, ఆ బ్రేకును రోజూ బయటినుంచి తొక్కుతాయి. ఏళ్ల తరబడి అలా జరిగితే మెదడు తన సొంత బ్రేకును వదులు చేసుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగిందా, బండి పల్లానికి దూసుకుపోతుంది. వణుకు, చెమటలు, నిద్రలేమి, ఫిట్స్, లేనివి కనిపించడం అన్నీ అందులోవే. రోజూ విపరీతంగా తాగేవారిలో ఫిట్స్ చాలావరకు మొదటి రెండు రోజుల్లో వస్తాయి, మతిభ్రమ రెండు నుంచి నాలుగు రోజుల్లో ముదురుతుంది. ఇది ప్రాణం తీయగలదు. ఉపవాస ప్రార్థన కూటాల్లో మూడు రోజులు గదిలో ఉంచి ‘విడిపిస్తాం’ అనే వారు దయచేసి ఈ మాట వినాలి.

ఆసుపత్రిలో ఆయనకు అదే జాతి మాత్ర ఇచ్చి, వారాల తరబడి మోతాదు తగ్గిస్తూ వచ్చారు. మా పెద్ద ఒకాయన, “మత్తు మానడానికి మళ్లీ మత్తు బిళ్లేనా?” అని నొచ్చుకున్నారు. డాక్టరుగారు నవ్వి, “తాటిచెట్టు ఎక్కిన గీత కార్మికుడు పైనుంచి దూకుతాడా అండీ? మోకు పట్టుకుని మెల్లగా దిగుతాడు” అన్నారు. ఆ రాత్రి మాకు హిజ్కియా రాజు జ్ఞాపకం వచ్చాడు. ఆయుష్షు పొడిగిస్తానని దేవుడు మాట ఇచ్చాక కూడా యెషయా ఆ పుండుకు అంజూరపు ముద్ద కట్టించాడు. సెమినరీలో ఆ అధ్యాయం మీద పరీక్ష రాశాం కానీ, ఆ ముద్ద గురించి ఆలోచించలేదు.

ఒంట్లోంచి మత్తు దిగడం చికిత్సకు గుమ్మం మాత్రమే. ఆ తర్వాత నెలల తరబడి కౌన్సెలింగ్, కుటుంబంతో మాట్లాడటం, అవసరమైతే తాగాలనే కోరికను తగ్గించే మందులు ఉంటాయి. గంజాయికైతే మానిపించే ప్రత్యేక మాత్ర లేదు, కౌన్సెలింగే ప్రధానం. ఇక్కడ తల్లులకూ భార్యలకూ ఒక హెచ్చరిక. తెలియకుండా అన్నంలో కలిపిపెట్టే మందు అంటూ అమ్మేవి కొనకండి. వాటిలో డైసల్ఫిరామ్ ఉంటే, ఆ సంగతి తెలియక ఆయన తాగితే వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి మరణం. అది రోగికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వాల్సిన మందు.

గొలుసులతో కట్టే, కొట్టే కేంద్రాలూ ఉన్నాయి. గెరాసేనుల దేశంలో ఆ మనిషిని జనం గొలుసులతోనే కట్టారు, ఏం లాభం కలిగింది? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. చేర్పించే ముందు రిజిస్ట్రేషన్ చూపించమనండి. డాక్టరు రోజూ వస్తారా, ఇంటివాళ్లను చూడనిస్తారా అని అడగండి. జవాబు దాటవేస్తే వెనక్కి రండి. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. టెలి మానస్ నంబరు 14416. పోలీసు కేసవుతుందని పిల్లల్ని దాచిపెట్టే తల్లిదండ్రులకు ఇంకో మాట. వాడకం, లేదా కొద్ది మోతాదు దగ్గర ఉండటం వరకే అయిన కేసుల్లో, తనంతట తాను చికిత్సకు వచ్చిన బానిసకు మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షను రక్షణ ఇస్తుంది.

మా సోదరుడి కథ అక్కడితో ముగియలేదు. ఐదు నెలలకు దసరా పండుగనాడు బావమరిది ఇంట్లో మళ్లీ తాగాడు. గుడికి రావడం మానేశాడు. మేము వెళితే ఇంటి వెనక దాక్కున్నాడు. చివరికి బయటికొచ్చి, “సాక్ష్యం చెప్పినోణ్ని, మీకు ముఖం ఎట్ల చూపియ్యాలె అయ్యగారూ” అన్నాడు. కోలుకోకముందే ఆయన్ను వేదిక ఎక్కించింది మేమే కదా! ఆయన పడిపోవడం కన్నా, పడ్డాక మా దగ్గరికి రాలేకపోవడం మమ్మల్ని ఎక్కువ బాధించింది. సమరయుడు గాయపడినవాణ్ని సత్రంలో దించి వెళ్లిపోలేదు, రెండు దేనారాలిచ్చి, మళ్లీ వస్తానన్నాడు. మేము మాత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి, పని అయిపోయిందనుకున్నాం.

మళ్లీ అదే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన ఆశ్చర్యపోలేదు, తిట్టలేదు. బీపీ, షుగరు ఉన్నవాళ్లకు ఒక్కోసారి అదుపు తప్పినట్టే ఇదీనని చెప్పి చీటీ రాశారు. ఈసారి సంఘ పెద్దల్లో ఒకరు నెలనెలా తన బండి మీద ఆయన్ను ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. అది మత్తు బిళ్లని నొచ్చుకున్న ఆ పెద్దాయనే.

సాయంత్రం ఆరు దాటితే కాళ్లు దుకాణం వైపు లాగుతాయని ఆయన చెప్పాడు. అందుకే ఆ వేళకు గుడి గేటు తీసి పెడుతున్నాం. అరుగు మీద టీ ఉంటుంది. వాక్యం చెప్పాలని మేము పట్టుబట్టం. మొదట్లో ఆయన ఒక్కడే వచ్చి కూర్చునేవాడు. ఇప్పుడు నలుగురు వస్తున్నారు. అందులో ఇద్దరు మన సంఘంవాళ్లు కారు.